మంగతాయారు ఎడమ చెవి

కడుపులో రహస్యం పెట్టుకుని తిరిగే మనిషికి చిన్న మెట్టు కూడా గోడంత ఎత్తుగా కనిపిస్తుందని డాక్టర్ సుధాంశు అనే మనస్తత్వ నిపుణుడు రాజధానిలో ఒక హోటల్లో గంటన్నరసేపు ఉపన్యాసం ఇచ్చాడు. విన్నవాళ్ళు ఇంకెవరైనా అయితే చప్పట్లు కొట్టి భోజనాలకి లేచేవారు. కానీ ఆ రోజు విన్నది రాష్ట్ర తాటాకు ఉత్పత్తుల మండలి పెద్దలు. తమ మండలిలో ఒక ఫైలు ఈ బల్ల మీద నుంచి పక్క బల్ల మీదికి వెళ్ళడానికి సగటున పదకొండు వారాలు ఎందుకు పడుతోందో వాళ్ళకి అంతవరకూ అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నం తెలిసిపోయింది. ఉద్యోగులు రహస్యాలు మోస్తున్నారు. అంత బరువు మోసేవాళ్ళకి ఫైలు మోసే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

వారం తిరక్కుండా 'రహస్య భార నివారణ పథకం' అన్ని ప్రాంతీయ కార్యాలయాలకీ చేరింది. ప్రతి ఉద్యోగీ తన వద్ద గల రహస్యములను, ఒకటికి తగ్గకుండా, నెలాఖరులోగా కార్యాలయమందు జమ చేయవలెను. రహస్యాలు మూడు తరగతులు. తాను సిగ్గుపడేవి 'సి' తరగతి. ఇంటిల్లిపాదీ సిగ్గుపడేవి 'బి' తరగతి. పోలీసులు ఆసక్తి చూపేవి 'ఎ' తరగతి. జమ చేసినవారికి బరువు తగ్గినట్టు ధ్రువపత్రం ఇవ్వబడును.

వెలగలంక ప్రాంతీయ కార్యాలయం మేనేజరు పరబ్రహ్మం గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, వాక్యం వాక్యానికీ ఎర్ర సిరాతో గీత కొట్టి, సీనియర్ అసిస్టెంటు మంగతాయారుని పిలిపించారు.

"అమ్మా, పై కార్యాలయం వారి ఆదేశానుసారం మన కార్యాలయమందు ఒక రహస్య స్వీకరణాధికారిని నియమించవలసిన ఆవశ్యకత ఏర్పడింది. సదరు బాధ్యత మీకు అదనంగా అప్పగించడమైనది," అన్నారు.

"నాకెందుకండి? టపా పనీ నాదే, స్టోర్సు కాగితాలూ నావే. ఇంకెవరికైనా ఇవ్వండి."

"విచారించే నిర్ణయించాను. మీ నోరు ఇనప్పెట్టె అని సిబ్బంది ఏకాభిప్రాయం. ఇరవై ఏళ్ళకి పైగా అందరూ తమ గుట్టుమట్లు మీ వద్దనే చెప్పుకుంటున్నారు. ఒక్కటి కూడా బయటికి పొక్కిన దాఖలా లేదు."

ఆ మాటలో అబద్ధం లేదు. అయితే పొక్కకపోవడానికి కారణం ఒక్క మంగతాయారుకే తెలుసు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె కూతురికి గవదబిళ్ళలు వచ్చాయి. పిల్ల నుంచి తల్లికి అంటుకున్నాయి. పిల్లకి వారంలో తగ్గాయి. తల్లికీ తగ్గాయి గానీ, పోతూ పోతూ ఆమె ఎడమ చెవిని పట్టుకుపోయాయి. నరం చచ్చిపోయిందనీ, ఇక ఆ చెవి అలంకారానికే తప్ప ఎందుకూ పనికిరాదనీ డాక్టరు చెప్పాడు. సరిగ్గా ఆ నెలలోనే చూపు మందగించిన టైపిస్టు ఒకావిడని 'అన్‌ఫిట్' అని రాసి తాటాకుల గోదాముకి పంపేశారు. ఆవిడ అక్కడ దుమ్ములో దగ్గుతూ రిటైరైంది. అది చూసిన మంగతాయారు చెవి సంగతి ఎవరితోనూ అనలేదు. కట్టుకున్నవాడితోనూ అనలేదు. ఆయన ఎడమవైపు నుంచి మెల్లగా ఏదైనా అన్నప్పుడల్లా ఈమె పలక్కపోతే, పెళ్ళానికి కోపం వచ్చిందనుకుని ఆయన క్రమంగా చాలా మర్యాదస్తుడైపోయాడు. ఆ మర్యాద బాగుండడంతో ఆమె కూడా గుట్టు విప్పలేదు.

ఆఫీసులో ఆమె సీటు హాలు మూలన ఉండేది. కుడి భుజం గోడకి ఆనుతుంది. వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు ఎడమవైపు. మామూలుగా మాట్లాడితే కుడి చెవి అందుకుంటుంది. గుసగుసగా చెబితే మాత్రం ఒక్క అక్షరం చేరదు. మనిషి గుట్టు గుసగుసగానే చెబుతాడు కదా.

మొట్టమొదట వచ్చి కూర్చున్నవాడు స్టోర్‌కీపరు వీరభద్రం. చెవి దగ్గర నోరు పెట్టి పావుగంట సేపు ఏదో చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. ఏడ్చే మనిషిని ఆపి 'మళ్ళీ చెప్పు నాయనా' అనడానికి ఆమెకి నోరు రాలేదు. అతని ముఖం చూస్తూ తలాడించింది. గుసగుస ఆగినట్టు అనిపించినప్పుడు, "పోనీలే నాయనా, మనసులో పెట్టుకోకు," అంది. వీరభద్రం కళ్ళు తుడుచుకుని లేచి, నాలుగు రోజులుగా ముట్టని క్యారేజీ విప్పి అన్నం మొత్తం తినేశాడు. దాంతో ఆమె పేరు మారుమోగింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. అందరి కష్టాలూ ఆ చెవి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆమెకి ఎవరి రహస్యమూ తెలియదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే కొందరు ఆమెని చూసి తల దించుకునేవారు. ఎందుకు దించుకుంటున్నారో తెలియక ఆమె నవ్వి ఊరుకునేది. అంత గొప్ప మనసు ఎవరికుంటుందని వాళ్ళు ఇంకా కుంగిపోయేవారు.

అలాంటి మనిషికి ఇప్పుడు రహస్యాలు విని రాసుకునే ఉద్యోగం వచ్చిపడింది.

పాత సామాన్ల గది ఖాళీ చేయించి, గుమ్మం మీద 'రహస్య స్వీకరణ కేంద్రం, పని వేళలు 11 నుండి 1 వరకు' అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు. మంగతాయారు బల్లని గది మధ్యకి లాగించి, స్టూలు మాత్రం తన చేత్తో తానే కుడివైపు వేసుకుంది. పదకొండు కొట్టగానే వీరభద్రం వచ్చి కూర్చున్నాడు.

"రాసేసుకోండి మేడమండి," అన్నాడు.

"ఏం రాసుకోను?"

"అదేనండి, అప్పట్లో మీకు చెప్పాను కదండి. మళ్ళీ నా నోటితో చెప్పించకండి. ఆ చెప్పిందే రాసేసుకోండి."

అతని తర్వాత వచ్చిన టైపిస్టూ అదే మాట అంది. ఆ తర్వాత వచ్చిన క్యాషియరూ అదే. మీకు తెలిసిందే కదండి, రాసేయండి. మంగతాయారు ఫారం తిరగేసి, మరగేసి, చివరికి అడుగున చిన్న అక్షరాల్లో 'స్వహస్తములతో' అనే మాట పట్టుకుంది. ప్రాణం లేచొచ్చింది.

"రూలు ఒప్పుకోదు బాబూ. ఎవరిది వాళ్ళే రాయాలి. నేను సంతకం పెట్టడం వరకే."

నోటితో చెప్పడం వేరు, కలం పట్టుకోవడం వేరు. కాగితం చూడగానే అందరి ముఖాలూ పాలిపోయాయి. ఒక్కొక్కరూ పైకప్పు వంక చూసి, చాలాసేపు ఆలోచించి రాశారు. వీరభద్రం 'నేను తలకు రంగు వేసుకొనుచున్నాను' అని రాశాడు. క్యాషియరు 'డాక్టరు వద్దన్నను టీలో రెండు చెంచాల పంచదార వేసుకొనుచున్నాను' అని రాశాడు. టైపిస్టు తన అత్తగారు వండే గుత్తివంకాయ తనకి నచ్చదని రాసి, ఈ కాగితం అత్తగారికి చేరదని హామీ ఇమ్మంది. మంగతాయారుతో కలిపి ఇరవై ఒక్కమంది సిబ్బందిలో ఇరవైమంది ఇలాంటివే జమ చేశారు. అన్నీ 'సి' తరగతే.

సోమవారం నాటి ఫోన్ సమీక్షలో పై కార్యాలయం పరబ్రహ్మం గారిని కడిగేసింది. పక్క ప్రాంతాల్లో లక్ష్యం నూట పన్నెండు శాతం దాటిందట. ఒకచోట ఉద్యోగులు స్వచ్ఛందంగా పక్కింటివాళ్ళ రహస్యాలు కూడా తెచ్చి జమ చేశారట. వెలగలంకలో ఒక్క 'ఎ' తరగతి కూడా రాకపోవడం తీవ్ర విచారకరమట. పైగా రహస్యమని చెప్పుకున్నది నిజంగా రహస్యమేనా కాదా అని ఎవరు నిర్ధారించారు?

ఆ ప్రశ్న పరబ్రహ్మం గారికి బాగా నాటుకుంది. రాత్రంతా ఆలోచించి మర్నాడు ఒక విధానం రూపొందించారు. జమ అయిన రహస్యాలన్నిటినీ పేర్లతో సహా టైపు కొట్టించి నోటీసు బోర్డుకి అంటించారు. పైన ఇలా రాయించారు: 'ఈ దిగువ కనబరచిన రహస్యములు ఇంతకు మునుపే తెలిసియున్నవారు ఏడు రోజులలోగా తమ అభ్యంతరములను లిఖితపూర్వకముగా తెలుపవలెను. గడువులోగా అభ్యంతరములు రానిచో అవి రహస్యములుగా ధ్రువీకరించబడును.'

"అందరూ చదివేశాక అవింక రహస్యాలెలా అవుతాయండి?" అని మంగతాయారు అడిగింది.

"ధ్రువీకరణ పత్రం ఉంటుంది కదమ్మా," అన్నారు పరబ్రహ్మం గారు.

వీరభద్రం తల రంగు మీద పధ్నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. అందులో ఒకటి ఎదురుగా ఉన్న టీ దుకాణం వాడిది. 'దరఖాస్తుదారు ప్రకటించిన విషయము బహిరంగముగా తెలిసినదే గనుక రహస్యముగా పరిగణించుటకు వీలుపడదు. తిరస్కరించడమైనది' అని ఎర్ర సిరాతో వచ్చింది. వీరభద్రం ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"తొమ్మిదేళ్ళ నుంచి ఆదివారం పూట తలుపేసుకుని రాసుకుంటున్నానండి. ఇంట్లోవాళ్ళు తలుపు కొట్టినా తియ్యనండి. అందరికీ తెలుసంటండి," అన్నాడు మంగతాయారుతో.

"నాకు తెలీదు నాయనా," అంది ఆమె. ఆ తల రంగు మీద అభ్యంతరం చెప్పని మాట ఆఫీసులో అదొక్కటే. పాపం అది కూడా నిజం కాదు.

మిగిలింది ఏమీ జమ చేయని ఇరవై ఒకటో మనిషి. అటెండరు పళ్ళాలమ్మ. ఆమెకి మెమో ఇచ్చారు. రహస్యం లేదనుట నమ్మశక్యముగా లేదనీ, లేనిచో లేదను విషయమును ఇంతకాలము కార్యాలయమునకు ఎందుకు తెలియజేయలేదనీ మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. పళ్ళాలమ్మ మెమో చదివించుకుని సరాసరి మేనేజరు గదిలోకి వెళ్ళింది. మంగతాయారు కూడా వెంట వెళ్ళింది.

"నాకేం రగస్యాలుంటాయండి బాబూ. మా ఆయన తాగుతాడు, అది ఊరందరికీ తెల్సు. నేను కొడతాను, అదీ తెల్సు. ఇంకేం దాసుకుంటానండి?"

"ఆలోచించుము. ప్రతి మానవునకూ అంతరాంతరాలలో ఏదో ఒకటి ఉంటుందని శాస్త్రం."

"లేదండి. అయితే బాబూ, నాకు రగస్యం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ సెప్పకండి. అందరూ ఏదోటి రాసేరు, ఇదొట్టి ఖాళీ మనిసని నవ్వుతారు."

పరబ్రహ్మం గారు కలం అందుకున్నారు. "ఎవరికీ చెప్పవద్దన్నావు కదా. అయితే ఇది నిర్వచనం పరిధిలోకి వచ్చును," అని రాసుకుని, మెమో రద్దు చేసి, ఆ మధ్యాహ్నమే దాన్ని నోటీసు బోర్డుకి అంటించారు.

వీరభద్రం కూడా తల రంగుకి బదులు ఇంకోటి రాసివ్వడంతో కార్యాలయం మొత్తానికి లక్ష్యం అంకె పూర్తయింది గానీ, 'ఎ' తరగతి గడి అలాగే సున్నాతో ఉండిపోయింది. ఆ సున్నా పరబ్రహ్మం గారికి కంట్లో నలుసైంది. సున్నా వంక చూస్తూ చూస్తూ ఉండగా ఆయనకి జ్ఞానోదయం అయింది. మంగతాయారుని మళ్ళీ పిలిపించారు.

"మీ వద్ద ప్రారంభ నిల్వ ఉన్నది కదా," అన్నారు.

"ఏం నిల్వండి?"

"పథకమునకు పూర్వము ఇరవై రెండు సంవత్సరముల కాలంలో సిబ్బంది మీకు మౌఖికంగా అప్పగించిన రహస్యములు. అవి మీ వ్యక్తిగత ఆస్తి కాదు. కార్యాలయ పని వేళల్లో, కార్యాలయ స్టూలు మీద అందినవి గనుక మండలికి చెందుతాయి. గురువారం నాడు జాయింట్ డైరెక్టరు గారూ, డాక్టర్ సుధాంశు గారూ స్వయంగా విచ్చేస్తున్నారు. వారి సమక్షంలో పేరు పేరునా జమ చేయవలసింది."

"చెప్పనంటేనండి?"

"కార్యాలయ ఆస్తిని దాచిపెట్టిన నేరం కింద సస్పెన్షను."

"చెబితే వాళ్ళ ఉద్యోగాలేమవుతాయండి?"

"అది ఈ పథకం పరిధిలోకి రాదు," అన్నారు పరబ్రహ్మం గారు, ఎంతో ప్రశాంతంగా.

ఆ వార్త పళ్ళాలమ్మ నోట పడి బుధవారం పొద్దుటికల్లా హాలంతా పాకింది. ఆ రోజు ఎవరూ ఫైలు ముట్టుకోలేదు. ఒక్కొక్కరే రహస్య స్వీకరణ కేంద్రంలోకి వచ్చి, తలుపు చేరవేసి, స్టూలు మీద కూర్చుని మంగతాయారుని బతిమాలడం మొదలుపెట్టారు. స్టూలు కుడివైపు ఉంది. బతిమాలేవాళ్ళు దేని గురించి బతిమాలుతున్నారో చెప్పకుండా బతిమాలలేరు. అలా ఇరవై రెండేళ్ళుగా ఆమె చెవి గుమ్మం దగ్గర ఆగిపోయినవన్నీ ఒక్కరోజులో రెండో గుమ్మం గుండా లోపలికి వచ్చేశాయి.

వీరభద్రం చేతులు పట్టుకున్నాడు. "మా అమ్మ సంగతి చెప్పకండి మేడమండి. అది చెబితే నేను బతకనండి. చెల్లెలి పెళ్ళికి సెలవివ్వలేదని, మా అమ్మ పోయిందని తంతి ఇప్పించుకుని వెళ్ళాను కదండి. ఆ తర్వాత మూడు నెలలకి నిజంగానే పోయింది కదండి. ఒకసారి పోయిందన్న తల్లికి మళ్ళీ సెలవెలా అడుగుతానండి? తెల్లారగట్ల దహనం చేసొచ్చి, పది గంటలకి ఆఫీసులో బుట్టలు లెక్కపెట్టానండి. సారు జోకేస్తే నవ్వానండి."

మంగతాయారు అతని చెయ్యి అలాగే పట్టుకుంది. ఈసారి 'పోనీలే' అన్న మాట రాలేదు. ఆ మాట అంత తేలిగ్గా తను ఇన్నాళ్ళూ ఎలా అనగలిగిందో అప్పుడు అర్థమైంది.

క్యాషియరు తమ్ముడి పేరు మీద తను పరీక్ష రాశాడు. టైపిస్టు పెళ్ళికి ముందు ఒకతను రాసిన ఉత్తరాలని పాత స్టాకు రిజిస్టర్ల వెనక దాచుకుని, ఏడాదికోసారి దుమ్ము దులిపే నెపంతో చదువుకుంటోంది. మధ్యాహ్నానికి మంగతాయారుకి తల దిమ్మెక్కిపోయింది. పళ్ళాలమ్మ కూడా వచ్చి కూర్చుంది.

"నీకేమైంది?"

"నాకేం అవలేదమ్మా. అందరూ ఎందుకేడుత్తన్నారో సూద్దారని వచ్చాను," అంది.

అయిదింటికి చివర త్రిమూర్తులు వచ్చాడు. అతను కూడా సీనియర్ అసిస్టెంటే. ఎనిమిదేళ్ళుగా రోజూ సాయంత్రం ఆమెకి టీ తెచ్చి బల్ల మీద పెట్టి, 'తాగండి అక్కగారూ' అని వెళ్ళిపోయే మనిషి. సొంత తమ్ముడు కూడా అంత చెయ్యడని ఆమె ఇంట్లో చెప్పుకునేది. ఆ రోజు టీ పెట్టాడు గానీ వెళ్ళలేదు. కూర్చుని నేల చూపులు చూశాడు.

"అక్కగారూ, నన్ను కాపాడమని అడగడానికి నాకు మొహం లేదండి. ఆ ఆకాశరామన్న ఉత్తరం నేనే రాశానని మీకు చెప్పుకున్న రోజున మీరు 'పోనీలే నాయనా, మనసులో పెట్టుకోకు' అన్నారు. మీ ప్రమోషను పోగొట్టినవాణ్ణి వీపు నిమిరి పంపారు. అలాంటి మనిషిని నేను చూళ్ళేదండి. రేపు చెప్పినా మీ తప్పు లేదండి. పిల్లలున్నారని ఒక్కటే."

మంగతాయారు టీ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయింది. సూపరింటెండెంటు పోస్టు ఒకటి ఖాళీ అయినప్పుడు జాబితాలో రెండే పేర్లున్నాయి. ఆమెదీ, త్రిమూర్తులుదీ. 'మంగతాయారు మండలి విసనకర్రలు పన్నెండు ఇంటికి పట్టుకుపోయింది' అని ఎవరో సంతకం లేని ఉత్తరం రాశారు. విచారణ మూడేళ్ళు సాగింది. ఈలోగా ఆ పోస్టు పక్క జిల్లా వాడికి పోయింది. ఇద్దరికీ దక్కలేదు.

"సరేలే, వెళ్ళు," అంది.

ఇంటికి వచ్చి వీధి మెట్ల దగ్గర ఆగిపోయింది. మూడే మెట్లు. రెండోదాని మీద చతికిలబడింది. మండలిలో ఇన్ని కాగితాలు వచ్చాయి గానీ, ఆ డాక్టరు చెప్పిన మెట్టు సంగతి ఒక్కటే నిజమని ఆమెకి అనిపించింది. ఎనిమిదేళ్ళ టీలు గొంతులో అడ్డం పడ్డాయి. ఇంకో బాధ కూడా ఉంది. విసనకర్రలు తెచ్చిన మాట నిజమే. వెలగలంకలో మండలి విసనకర్ర లేని ఇల్లు లేదు. ఆమె తెచ్చినవి పదమూడు. ఉత్తరంలో ఒకటి తక్కువ రాశాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా పూర్తి హక్కు లేకుండా చేశాడు వెధవ.

భర్త బయటికి వచ్చి ఆమె ముఖం చూశాడు. "కోపం వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది. మీ మీద కాదు," అంది. ఆయన మారు మాట్లాడకుండా మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు.

గురువారం మేనేజరు గదిలో కమిటీ కూర్చుంది. మధ్యలో జాయింట్ డైరెక్టరు గారు, ఒక పక్క డాక్టర్ సుధాంశు, ఒక పక్క పరబ్రహ్మం గారు. ఎదురుగా మంగతాయారు. హాల్లో ఇరవైమంది కిటికీ ఊచలకి అతుక్కుపోయి నిలబడ్డారు. త్రిమూర్తులు అందరికీ వెనక ఉన్నాడు. అతని నెత్తి మాత్రమే కనిపిస్తోంది.

"ప్రారంభించండి. అక్షరక్రమంలోనా, సీనియారిటీ క్రమంలోనా అన్నది మీ ఇష్టం," అన్నారు జాయింట్ డైరెక్టరు గారు.

సీనియారిటీ క్రమంలో అయితే మొదటి పేరు త్రిమూర్తులుదే. మంగతాయారు నాలుక చివర దాకా ఆ పేరు వచ్చింది. ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత వీరభద్రం పేరు. తల్లిని రెండుసార్లు పోగొట్టుకున్నవాడు. ఆ తర్వాత టైపిస్టు, ఆ ఉత్తరాలు. ఆమె చీర చెంగు సర్దుకుంది.

"నా దగ్గర నిల్వ ఏమీ లేదండి. నా ఎడమ చెవి ఇరవై రెండేళ్ళ కిందటే పోయింది. వాళ్ళందరూ చెప్పింది ఆ చెవిలోనే. నేనొక్క ముక్క కూడా వినలేదు. ఉద్యోగం పోతుందని ఈ సంగతి దాచాను. రాసుకోండి."

కిటికీ దగ్గర ఇరవైమంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిన్న తాము ఏ వైపు కూర్చున్నదీ అందరికీ గుర్తొచ్చింది. ఎవరూ కిక్కురుమనలేదు.

"ఇది 'ఎ' తరగతి కిందికి వచ్చునా?" అని పరబ్రహ్మం గారు ఆశగా అడిగారు.

"ముందు వాస్తవమో కాదో తేలాలి," అన్నారు జాయింట్ డైరెక్టరు గారు. "డాక్టరు గారూ, పరీక్షించండి."

డాక్టర్ సుధాంశు ఆమె కుడి చెవిలో దూది పెట్టి, ఎడమవైపు కుర్చీ వేసుకుని, చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా ఏదో అన్నాడు. "ఏమన్నాను?" అని సైగ చేశాడు. ఆమె తెలియదని తల ఊపింది. ఆయన ఇంకో మాట అన్నాడు. మళ్ళీ తల ఊపింది. ఆయన ఆమె ముఖంలోకి కాసేపు పరిశీలనగా చూసి, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, ఈసారి ఆగకుండా ఇరవై నిమిషాలు చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె తలాడిస్తూనే ఉంది. అలవాటు మరి. ఆయన లేచి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. వచ్చినప్పటి కన్నా అయిదేళ్ళు చిన్నవాడిలా కనిపించాడు.

"చెవి సంపూర్ణంగా చెవిటిది," అన్నాడు బొంగురు గొంతుతో.

జాయింట్ డైరెక్టరు గారు ఆయన ముఖాన్ని చూసి కొంచెంసేపు ఆలోచించారు. "ఇంత ముఖ్యమైన అంశాన్ని ఒక్క పరీక్షతో నిర్ధారించుట సమంజసం కాదు. నేను స్వయంగా పరీక్షిస్తాను. మీరిద్దరూ బయట ఉండండి. కిటికీలు కూడా మూయించండి," అన్నారు. ఆయన పరీక్ష నలభై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చేసరికి జేబురుమాలు తడిసి ఉంది. స్థానికాధికారిగా తన ధ్రువీకరణ కూడా తప్పనిసరి అని పరబ్రహ్మం గారు లోపలికి వెళ్ళారు.

నెల తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. మంగతాయారుని అన్‌ఫిట్ చేయలేదు. 'శ్రీమతి మంగతాయారు గారి ఎడమ చెవిని మండలి చరాస్తిగా గుర్తించడమైనది. సదరు చెవికి ముందస్తు అనుమతి లేకుండా ఎటువంటి వైద్యమూ చేయించరాదు. పని వేళల్లో కుడి చెవియందు దూది ఉంచవలెను. దూది కార్యాలయ ఖర్చుపై సరఫరా చేయబడును.' ప్రతి ప్రాంతీయ కార్యాలయమూ తనకంటూ ఒక అర్హమైన చెవిని గుర్తించాలని కూడా రాశారు. రెండు చోట్ల ఇద్దరు ఉద్యోగులు మేం కూడా చెవిటివాళ్ళమేనని ముందుకొచ్చారు గానీ, 'టీ వచ్చింది' అన్న మాటకి తల తిప్పి దొరికిపోయారు. దాంతో రాష్ట్రం నలుమూలల నుంచీ అధికారులు తనిఖీ పేరుతో వెలగలంకకే రావడం మొదలైంది. వరండాలో కుర్చీలు వేయించారు. ఫైళ్ళకి ఇప్పుడు పధ్నాలుగు వారాలు పడుతోంది.

త్రిమూర్తులు మాత్రం ఆ నెలంతా గదిలోకి రాలేదు. టీ కూడా పళ్ళాలమ్మ చేతికిచ్చి పంపేవాడు. మంగతాయారు దాన్ని అలాగే తిప్పి పంపేది. చివరికి ఒక మధ్యాహ్నం, వచ్చిన అధికారులు భోజనానికి వెళ్ళిన సమయం చూసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ రోజు మీరు నన్ను మన్నించారనుకుని ఎనిమిదేళ్ళు హాయిగా బతికేశానండి. అది వినకుండానే అన్నారంటగా," అన్నాడు, దూది దాటి వినపడేంత గట్టిగా.

"వినకుండానే అన్నాను."

"మొన్న విన్నారు కదండి. మరి కమిటీ ముందు నా పేరు ఎందుకు చెప్పలేదండి?"

"నీ ఒక్కడిదీ చెప్పి ఊరుకోనిస్తే చెప్పేదాన్నే. నీ వెనక వీరభద్రం వాళ్ళమ్మ ఉంది, ఆ టైపిస్టు పిల్ల ఉంది. నువ్వు వాళ్ళ మధ్యలో పడి బతికిపోయావు. నీ మీద జాలి కాదు."

"మన్నించనట్టేనాండి అయితే?"

మంగతాయారు కుడి చెవిలోని దూది తీసి బల్ల మీద పెట్టి, స్టూలుని కాలితో కుడివైపుకి నెట్టింది.

"కూర్చో. మొదటి నుంచి చెప్పు. ఆ ఉత్తరం రాయాలని ఎప్పుడనిపించిందో, ఎవరి బల్ల మీద కూర్చుని రాశావో, పోస్టు చేసొచ్చి ఆ పూట నా ముఖం ఎలా చూశావో, ఒక్కటీ వదలకుండా చెప్పు."

ఎనిమిదేళ్ళ కిందట పది నిమిషాల్లో అయిపోయిన పని ఆ రోజు రెండు గంటలు పట్టింది. ఆమె నాలుగు చోట్ల ఆపి మళ్ళీ చెప్పించింది. రెండు చోట్ల నోటికొచ్చినట్టు తిట్టింది. ఒకచోట తనూ ఏడ్చింది. బయట కుర్చీల్లో తనిఖీ అధికారులు ముగ్గురు వాచీలు చూసుకుంటూ కూర్చున్నారు. త్రిమూర్తులు లేచి వెళ్ళేటప్పుడు ముఖంలో తేలికేమీ లేదు. నలుగురు పట్టుకుని చావబాదినట్టున్నాడు.

మర్నాడు సాయంత్రం టీ తనే తెచ్చాడు. మంగతాయారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఏం టీ ఇది? నీళ్ళలా ఉంది. ఎనిమిదేళ్ళ నుంచీ ఇలాగే తగలేస్తున్నావు. ఇంకోటి పట్రా," అంది.

త్రిమూర్తులు గ్లాసు తీసుకుని పరుగులాంటి నడకతో మెట్లు దిగాడు.